మూగ డ్రైవరు మాట్లాడిన టేపు

1986 అక్టోబరులో కువైట్‌లోని ఫహాహీల్‌లో ఒక ప్రైవేటు వీడియో సంస్థలో సీనియర్ టెక్నీషియన్‌గా చేరాను. మాది అమలాపురం దగ్గర పల్లె. అంతకుముందు ఎనిమిదేళ్లు మద్రాసులో ఇదే పని చేశాను. ఫహాహీల్ బజారులో మా భవనం కింద క్యాసెట్ల దుకాణం, మొదటి అంతస్తులో మా పనిగదులు, ఆ పైన ఉద్యోగుల ఫ్లాట్లు. హోదాలో నా పైన ఒక ఈజిప్టు ఇంజనీరు, నా కింద ఇద్దరు ఆపరేటర్లు. యజమాని ఫైసల్ అనే కువైటీ. ఆయనే నా కఫీల్, అంటే నా వీసాకీ నా ఉద్యోగానికీ పూచీపడ్డ మనిషి.

మా పనిని ట్రాన్స్‌ఫర్ అనేవారు. అమెరికాలో టేపు రికార్డయ్యే పద్ధతి వేరు, కువైట్ టీవీల పద్ధతి వేరు. అక్కడి క్యాసెట్టు తెచ్చి ఇక్కడి మిషన్లో పెడితే బొమ్మ నిలవకుండా దొర్లిపోతూ ఉంటుంది. దాన్ని కన్వర్టర్ అనే పెట్టె గుండా పంపించి, వెలుగూ రంగూ సరిచూసి, కింద అరబిక్ అక్షరాలు వేసి, కొత్త టేపు మీదికి ఎక్కించాలి. ఇదంతా బాగా కుదిరితే ఇలాంటి పని ఒకటి ఉందని కూడా చూసేవాడికి తెలియదు. చెడిందంటే మాత్రం దుకాణానికొచ్చి మరీ తిట్టి వెళతాడు.

అక్షరాలు వేయడంలో నాకొక పిచ్చి ఉండేది. తెర మీద ఒక మనిషి వచ్చి మాట్లాడుతుంటే, కింద అతని పేరు, చేసే పని, ఊరు కనబడకపోతే నాకు తోచేది కాదు. అసలు టేపులో లేకపోయినా కనుక్కుని నేనే వేసేవాణ్ణి. మా ఈజిప్టు ఇంజనీరు దీన్ని అదనపు చాకిరీ అనేవాడు. నేను శ్రద్ధ అనుకునేవాణ్ణి. ఈ శ్రద్ధే నాలుగు ప్రాణాల మీదికి తెస్తుందని అప్పుడు తెలియదు.

వాల్టర్ 1989 చివర్లో మా దగ్గరికి వచ్చాడు. అమెరికా దేశస్థుడు, నల్లజాతివాడు, యాభై దాటిన వయసు. సినిమాలకీ టెలివిజన్‌కీ శబ్దం రికార్డు చేసే నిపుణుడు. పిల్లల కార్టూన్లకు అరబిక్ మాటలు చేర్చడానికి ఫైసల్ ఒక గది కట్టించాడు, దాన్ని అమర్చి మావాళ్లకి పని నేర్పడానికి ఏడాది ఒప్పందం మీద వచ్చాడు. మనిషి బహు నెమ్మది. గదిలోకి వస్తే కూర్చునే ముందు ఒక నిమిషం కళ్లు మూసుకుని నిలబడేవాడు. ఏసీ ఏ మూల మోగుతోందో, ఏ బల్బు సన్నగా కూస్తోందో చెప్పేసి అప్పుడు కూర్చునేవాడు.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఒకరోజు ఒక క్యాసెట్టు తెచ్చి, ఇక్కడి టీవీలో ఆడేలా చేసిపెట్టమన్నాడు. అమెరికాలో సినిమా, టెలివిజన్ రంగాల్లో నల్లజాతివాళ్లు చేసిన మంచి పనికి ఏటా బహుమతులిచ్చే సభ ఒకటుందట. ఆ సభ టేపు అది. అంతకు రెండేళ్ల కిందట అందులో ఇతనికి శబ్దగ్రహణానికి బహుమతి వచ్చింది. అలాంటి సభ ఉంటుందని నాకు తెలియదు. సరేనని మామూలు లెక్కలో ట్రాన్స్‌ఫర్ చేసి ఇచ్చాను.

వాల్టర్ నా పక్కనే కూర్చుని ఐదు నిమిషాలు చూశాడు. తర్వాత చాలా మర్యాదగా, "మూర్తీ, ఆ హాలు నిండా మనుషులున్నారు. నీ టేపులో వాళ్ల చొక్కాలూ నగలూ మాత్రమే వచ్చాయి" అన్నాడు.

చూస్తే నిజమే. ముఖాలన్నీ మసి పూసినట్టు ఒకే ముద్దగా ఉన్నాయి. కారణం చెబుతాను. వెలుగు సరిచూసుకోవడానికి మాకు ఒక మచ్చుబొమ్మ ఉంటుంది. అందులో పాలరంగు అమ్మాయి ముఖం ఉంటుంది. ఆ ముఖం చక్కగా కనబడేలా మీటలు సర్దితే మిగతాదంతా దానంతటదే సర్దుకుంటుందని మాకు నేర్పారు. నా రంగు చూస్తే మా అమ్మే "కాకి నయం రా" అనేది. అలాంటివాణ్ణి, పన్నెండేళ్లపాటు ఆ పాలరంగు అమ్మాయినే కొలబద్దగా పెట్టుకుని లోకాన్నంతా చూశాను. నా జీవితంలో ఇంతకంటే సిగ్గుపడ్డ రోజు లేదు. ఆ కాపీని చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి మచ్చుబొమ్మని పక్కన పెట్టి, ఒక్కో దృశ్యంలో ఎవరున్నారో చూసి, వాళ్ల ముఖానికి తగ్గట్టు వెలుగు సర్దుకుంటూ మూడు రోజులు కూర్చున్నాను. మూడో రోజు సాయంత్రానికి ఆ హాల్లో వెనక వరుసలో కూర్చున్న ముసలామె కళ్లజోడు వెనక కన్నీళ్లు కూడా కనబడ్డాయి.

నటీనటులు వేదికెక్కినప్పుడు ఆ టేపులో కింద పేర్లు పడ్డాయి. శబ్దం, ఎడిటింగ్, మేకప్ లాంటి పనుల వాళ్లకు మాత్రం పడలేదు. అది చూసి నా పిచ్చి ఊరుకోలేదు. వాల్టర్ మాట్లాడుతున్నంతసేపూ అతని ఛాతీ కింద పెద్ద అరబిక్ అక్షరాల్లో ఇంటిపేరుతో సహా పేరు, శబ్దగ్రాహకుడు, అమెరికా అని వేశాను. అతన్ని అడగలేదు. ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. అది చూసి వాల్టర్ చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

మూడు కాపీలు తీశాను. ఒకటి వాల్టర్‌కి, ఒకటి మా టేపుల గదికి, ఒకటి ఫైసల్ వాళ్లమ్మకి. ఆవిడ కువైట్‌లోనే సల్వా అనే పేటలో ఉండేది. పెద్దావిడ, సినిమాలంటే ప్రాణం, ఇంట్లో గోడ పొడవునా క్యాసెట్ల షోకేసు ఉండేది. పనిమనుషులతో పాటు మేమూ ఆవిడని మామా అనే పిలిచేవాళ్లం. ఒక శుక్రవారం ఫైసల్ మమ్మల్ని ఆ ఇంటికి తీసుకెళ్లి అందరితో కలిసి టేపు చూపించాడు. అక్కడ పనిచేసే లక్ష్మీదేవి టీ ఇస్తూ నిలబడి చూసింది. రాయచోటి వైపు మనిషి. ఆరేళ్లుగా ఆ ఇంట్లోనే ఉంటోంది.

"ఏందన్నా, నల్లోళ్లకని సెప్పి యేరేగా ఇచ్చేదెందుకు? అందరితో పాటు ఇయ్యరా?" అని నన్నడిగింది. నేను ఇంగ్లీషులో వాల్టర్‌కి చెప్పాను.

అతను నవ్వి, అందరితో పాటు ఇస్తారేమోనని తమ తాతల కాలం నుంచీ బయట నిలబడి చూశారనీ, కాళ్లు నొప్పెట్టి తామే బల్లలు వేసుకున్నారనీ చెప్పాడు. నేను తెలుగులో చెబితే లక్ష్మీదేవి, "అది సరే. మంచి పనే" అని ట్రే తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆగస్టు రెండున ఇరాక్ సేనలు వచ్చాయి. ఆ తెల్లవారి ఫహాహీల్ రోడ్డు మీద ట్యాంకులు పోతుంటే మేం మేడ మీంచి చూశాం. ఫైసల్ ఎండాకాలమని భార్యాపిల్లలతో లండన్‌లో ఉన్నాడు, మామా మాత్రం సల్వాలోనే ఉండిపోయింది. ఈజిప్టు ఇంజనీరు వారం తిరక్కుండా కారులో ఎడారి దాటి వెళ్లిపోయాడు. మా భారతీయుల్ని సైనికులు పెద్దగా పట్టించుకునేవారు కాదు. రొట్టె కోసం వరస, నీళ్ల కోసం వరస, జోర్డాన్ వెళ్లే బస్సులో సీటు కోసం వరస, ఇదే మా బతుకు. అమెరికా, బ్రిటన్ మనుషుల పరిస్థితి వేరు. వాళ్లంతా చెప్పిన హోటళ్లలో హాజరుకావాలన్నారు. హాజరైనవాళ్లను ఇరాక్ తీసుకెళ్లి కర్మాగారాల దగ్గరా స్థావరాల దగ్గరా కాపలా పెట్టి ఉంచారు, పైనుంచి ఎవరూ బాంబులు వేయకుండా. హాజరుకానివాళ్లని దాచిన ఇంటివాళ్లకి మరణశిక్ష అని తర్వాత ప్రకటించారు.

రెండో వారంలో నేను పైకెళ్లి చూస్తే వాల్టర్ ఫ్లాటు ఖాళీగా ఉంది. ఎక్కడికెళ్లాడో ఎవరికీ తెలియదు. నాకు చేతనైంది ఒక్కటే చేశాను. మా టేపుల గదిలో ఉన్న అతని సభ కాపీని అయస్కాంతపు చెరుపుడు పెట్టె మీద మూడుసార్లు తిప్పాను. సల్వా కాపీ గుర్తుకు రాకపోలేదు. మనిషే అక్కడ లేనప్పుడు టేపుంటే ఏం ప్రమాదంలే అనుకున్నాను.

ఆగస్టు నెలాఖరులో ఒక ఉదయం ఫోను మోగింది. లక్ష్మీదేవి గొంతు. "మూర్తన్నా, మామా కాడ టీవీ చెడిపోయిండాది. ఒగతూరి వచ్చి సూడాల. నీ సామాన్ల సంచి మర్సిపోవాకు" అని పెట్టేసింది.

టీవీ, వీడియో బాగుచేసేవాడంటే ఆ రోజుల్లో చెక్‌పోస్టుల్లో బాగానే చూసేవారు. సైనికులు ఇళ్లలోంచి తెచ్చుకున్న మిషన్లు వాళ్ల దగ్గర బోలెడు పాడైపోయి ఉండేవి. తోటల నుంచి కూరగాయలు తెచ్చే పికప్‌లో ముందు సీటు దొరికింది. దారిలో రెండు చోట్ల ఆపారు. ఒకచోట స్క్రూడ్రైవరు చూపిస్తే, ఒక క్యాసెట్ మిషన్ బాగుచేయించుకుని మరీ యల్లా, ఇక పో అని పంపారు.

మామా ఇంటి ముందు పొడుగాటి తెల్ల అంగీ, దిష్‌దాషా వేసుకుని, తలకి గుడ్డ చుట్టుకుని ఒకతను కారు తుడుస్తున్నాడు. ఆ ఇంటి డ్రైవరు ఇద్రీస్ సూడాన్ వాడు. సెలవు మీద వెళ్లాడని విన్నానే, ఎప్పుడొచ్చాడా అనుకుంటూ దగ్గరికెళ్లాను. తల తిప్పాడు. వాల్టర్!

నేను నోరు తెరిచేలోపే లక్ష్మీదేవి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. "టీవీ బాగనే ఉండాదన్నా. పోన్లో సెప్పే మాట కాదని అట్ల సెప్పినా" అంది. మొదటి వారంలోనే మామా కబురంపి అతన్ని పిలిపించిందట. కఫీల్ ఇంట్లో పనివాళ్ల ఇఖామాల, అంటే నివాస అనుమతి కార్డుల జెరాక్సులు ఉంటాయి. ఇద్రీస్ జెరాక్సు తీసి వాల్టర్ జేబులో పెట్టింది. జెరాక్సులో ఆ ముఖం నల్లటి మచ్చ తప్ప ఇంకేం కాదు, ఏ సూడాన్ వాడిదైనా కావచ్చు. అరబిక్ రాదు కాబట్టి ఇతను పుట్టుచెవుడు, మూగ అని వీధిలో చెప్పేసింది. యాభై ఏళ్లుగా చెవులతో బతికిన మనిషి చెవిటివాడయ్యాడు.

నన్ను పిలిపించింది అతని పాస్‌పోర్టు దాచడానికి. అది కాల్చేస్తే అతను రేపు దేశం దాటలేడు. బయటుంచితే అందరికీ ఉరే. టీవీ పెట్టె లోపల దాయాలన్నది మామా ఆలోచన. వేడెక్కే భాగాలకు దూరంగా, కింద చెక్కకి ఆనించి, ప్లాస్టిక్‌లో చుట్టి అంటించాను. వెనక మూత బిగించి ఆఖరి స్క్రూ తిప్పుతూ తల ఎత్తితే షోకేసు కనబడింది. మూడో అరలో నా చేతిరాతతో అరబిక్‌లో ఉన్న లేబులు: పురస్కారాల సభ, అమెరికా.

బయట మూగ డ్రైవరు కారు తుడుస్తున్నాడు. లోపల అదే మనిషి సూటు వేసుకుని, మైకు ముందు నిలబడి, గలగలా మాట్లాడుతున్నాడు. కింద ఇంటిపేరుతో సహా పేరూ, పనీ, దేశమూ. ముఖం ఏ జెరాక్సు ముఖమో కాదు, నేను మూడు రోజులు కూర్చుని వెంట్రుకతో సహా స్పష్టంగా తెచ్చిన ముఖం. ఇలాంటి టేపు ఆ ఇంట్లో దొరకడం కంటే పాస్‌పోర్టు దొరకడమే నయం. లేచి ఆ అర దగ్గరికి రెండడుగులు వేశానో లేదో వాకిట్లో జీపు ఆగింది.

ఒక నఖీబ్, అంటే మన సైన్యంలో కెప్టెన్ హోదా, అతనితో ఇద్దరు సైనికులు. వీధంతా వరసగా సోదా చేసుకుంటూ వస్తున్నారు. మామా వరండాలోకి వెళ్లి సలాం చెప్పింది. డ్రైవరెవరని అడిగితే సూడాన్ వాడు, పుట్టుచెవుడు, మూగ అని చెప్పింది. నఖీబ్ జెరాక్సు తీసుకుని చూశాడు, వాల్టర్ని చూశాడు, తిరిగిచ్చేశాడు. తర్వాత ఒక సైనికుడికి కనుసైగ చేశాడు. వాడు కారు సోదా చేస్తున్నట్టుగా డ్రైవరు సీట్లోకి ఎక్కాడు. వాల్టర్ కారు ముందర వంగి లైటు అద్దం తుడుస్తున్నాడు. సైనికుడు ఉన్నట్టుండి హారను మీద అరచెయ్యి వేసి నొక్కి పట్టాడు.

కిటికీ దగ్గరున్న నేను ఎగిరిపడ్డాను. పక్కింటి గోడ మీది పావురాలు లేచిపోయాయి. వాల్టర్ చెవికి మూరెడు దూరంలో ఆ హారను. అతని చెయ్యి ఆగలేదు, తొట్రుపడలేదు, గుండ్రంగా తుడుస్తూనే ఉంది. అద్దం మీద ఏదో మరక ఉన్నట్టు ఇంకాస్త వంగి చూసి, వేలితో గీకి, మళ్లీ తుడిచాడు. సైనికుడు దిగిపోయాడు.

తర్వాత అతన్నే అడిగాను, ఎలా తట్టుకున్నావని. షూటింగులో శబ్దం రికార్డు మొదలయ్యాక తమ పనివాడు దగ్గకూడదు, కదలకూడదు, పక్కన దీపం పగిలినా తల తిప్పకూడదు, ముప్ఫై ఏళ్లుగా అదే తన జీతం అన్నాడు. పైగా వాడు సీట్లో కూర్చున్నప్పుడు స్ప్రింగు నలిగిన చప్పుడు, చెయ్యి హారను వైపు కదిలినప్పుడు గుడ్డ రాసుకున్న చప్పుడు ముందే విన్నాడట. ఏం రాబోతోందో తెలిసి సిద్ధంగా ఉన్నాడు. చెవిటివాడిగా నటించడానికి బాగా వినిపించేవాడే కావాలని ఆ రోజు తెలుసుకున్నాను.

కానీ అక్కడితో అయిపోలేదు. నఖీబ్ లోపలికొచ్చి గదులు చూసి హాల్లో ఆగాడు. షోకేసు ముందు చేతులు వెనక్కి పెట్టుకుని లేబుళ్లు చదువుకుంటూ నడిచాడు. మూడో అర దగ్గర ఆగాడు. అమెరికా అన్న మాటే అతన్ని ఆపిందనుకుంటాను. క్యాసెట్టు బయటికి తీసి, నా చేతిలో స్క్రూడ్రైవరు చూసి, "నువ్వు మిస్త్రీవి కదా, పెట్టు" అన్నాడు.

ఆ క్యాసెట్టుని నా చేత్తోనే మిషన్లో పెట్టాను. సభ మొదలై నలభై ఒకటో నిమిషంలో వాల్టర్ వస్తాడు. అంతదాకా ఎందుకు, మొదటి నిమిషంలోనే ఇది అమెరికా వాళ్ల సభ అని తేలిపోతుంది, ఎవరిది, ఎందుకుంది, ఎవరు తెచ్చారు అని మొదలవుతుంది. మామా కళ్లు మూసుకుంది. లక్ష్మీదేవి టీ ట్రేతో గుమ్మంలో నిలబడి ఉంది. మీట నొక్కాను.

తెర మీద ఇరాక్ అధ్యక్షుడు వచ్చాడు. యూనిఫారంలో, బల్ల వెనక, ప్రసంగిస్తున్నాడు.

సైనికులిద్దరూ చటుక్కున నిటారుగా నిలబడ్డారు. నఖీబ్ కూడా కాళ్లు దగ్గరికి చేర్చాడు. కాసేపటికి తేరుకుని, లేబులు మీద వేరే ఏదో ఉందేమిటని నన్నడిగాడు. నా నోటికి తోచిన మాట వచ్చింది. "పాత టేపు సార్. బజార్లో ఖాళీ టేపులు దొరకడం లేదు, అందుకని దీని మీదే రికార్డు చేసుకున్నారు" అన్నాను. తల ఊపాడు. లక్ష్మీదేవి టీ ఇచ్చింది. సోఫా అంచున కూర్చున్నాడు.

తర్వాత జరిగింది నా ఉద్యోగంలో అతి పొడుగాటి అరగంట. ప్రసంగం సాగుతోంది. ఆపమనడానికి నఖీబ్‌కి నోరు రాదు, అతని మనుషులిద్దరూ అక్కడే ఉన్నారు. ఒకరి ముందు ఒకరు తమ అధ్యక్షుణ్ణి ఎలా ఆపిస్తారు? ఆపే ధైర్యం మాకసలే లేదు. నాకు భయమంతా ఒక్కటే. దీని మీద రికార్డు చేసిందెవరో, ఎంతవరకు చేశారో నాకు తెలియదు. ప్రసంగం ఎక్కడ అయిపోతే అక్కడి నుంచి కిందున్న సభ బయటపడుతుంది. గోడ గడియారం చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. పది నిమిషాలు. ఇరవై. లక్ష్మీదేవి వైపు చూస్తే ఆమె తల అడ్డంగా ఆడించింది, తనకీ తెలియదని. ఒక సైనికుడు కాలు మార్చి కాలు నిలబడుతున్నాడు. ముప్ఫై రెండో నిమిషంలో నఖీబ్ లేచి, ఇంకా నాలుగు ఇళ్లున్నాయని తనలో తను అనుకున్నట్టు గట్టిగా అని, మమ్మల్ని మాత్రం చివరిదాకా చూడమని చెప్పి వెళ్లిపోయాడు. క్యాసెట్టు ముట్టుకోలేదు.

జీపు వీధి మలుపు తిరిగే వరకూ ఎవరం కదల్లేదు. టీవీ ఆడుతూనే ఉంది. ముప్ఫై ఎనిమిదో నిమిషంలో బొమ్మ ఒక్కసారి చెదిరి, చప్పట్లు మోగుతున్న హాలు వచ్చింది. ఆరు నిమిషాలు. అంతే తేడా.

లక్ష్మీదేవి కింద కూర్చుండిపోయింది. అప్పుడు చెప్పింది. వాల్టర్ ఇంటికొచ్చిన మూడో రోజే ఆమెకి ఈ టేపు గుర్తొచ్చిందట. కాలుద్దామంటే భయం. పక్కింటివాళ్లు పెరట్లో కాగితాలు కాలిస్తే, ఏం కాల్చారో చెప్పమని పెద్దాయన్ని ఎత్తుకెళ్లారు. మామాని అడిగి, పైన రికార్డు చేద్దామనుకుంది. నేను వృత్తిధర్మంగా ఎవరూ చెరపకుండా క్యాసెట్టు అంచున ఉండే ప్లాస్టిక్ పలుకు విరిచేసి ఇచ్చాను. ఆ కంత మూస్తే మిషన్ మళ్లీ రికార్డు చేస్తుంది. దాని మీద ఆమె మామా మందుల పెట్టెలోంచి దెబ్బలకు వేసే పట్టీ అంటించింది.

"ఏం రికార్డు సేద్దామా అని సూస్తాంటి. టీవీలో వాళ్లాయప్ప మాట్లాడతా ఉండాడు. ఆయప్పని ఆపమనే మొగోడు వాళ్లల్లో ఎవుడుంటాడన్నా? అని అదే పెట్టినా" అంది. తర్వాత తల వంచుకుని, "నడమజ్జెలో కరెంటు పాయ. మల్ల పెడదాంలే అని మర్సిపోయినా. వాల్టరన్నను సంపేద్దును గదన్నా" అని ఏడ్చింది. మామా ఆమె తల తన ఒడిలోకి తీసుకుని లోగొంతుకతో అరబిక్‌లో ఏమేమో అంది. అందులో ఒక్క మాటే నాకు వినబడింది, ఖలాస్, అయిపోయింది అని.

వాల్టర్ తడి చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. నేను ఆపుమీట మీద వేలు పెట్టాను. మామా వద్దంది. అతన్ని కూర్చోబెట్టింది. నలభై ఒకటో నిమిషంలో సూటు వేసుకున్న వాల్టర్ వేదిక ఎక్కాడు. కింద నా అక్షరాలు పడ్డాయి. రెండు నిమిషాల కంటే తక్కువే మాట్లాడాడు. తమ పని అందరూ మాట్లాడుతుంటే నోరు మూసుకుని ఉండడమనీ, ఇవాళ తను మాట్లాడుతుంటే అందరూ నోరు మూసుకున్నారనీ, ఇది తనకి అలవాటు లేదనీ అంటే హాలంతా నవ్వింది. తర్వాత తన కింద కేబుళ్లు లాగిన నలుగురి పేర్లు చదివి దిగిపోయాడు. సల్వాలో ఆ హాల్లో మేం నలుగురం అది చూశాం. చూస్తున్నంతసేపూ అతను టీవీ వైపు కాక మామా వైపే చూశాడు. టేపు వెనక్కి తిప్పి, నన్ను పక్కకు జరగమని, రికార్డు మీట తనే నొక్కాడు. తన దగ్గరి కాపీ, అమెరికా నుంచి తెచ్చిన అసలు టేపూ ముందే పోయాయి, మిగిలింది ఇదొక్కటే.

నేను సెప్టెంబరు చివర్లో బస్రా, బాగ్దాద్, అమ్మాన్ మీదుగా బొంబాయి చేరాను. డిసెంబరులో పాశ్చాత్యుల్ని వదిలిపెట్టినప్పుడు వాల్టర్ తన పాస్‌పోర్టుతోనే ఇల్లు చేరాడు. తర్వాతి వేసవిలో ఉత్తరం రాశాడు. టీవీ వెనక మూత తనే విప్పాననీ, స్క్రూలు మరీ గట్టిగా బిగించావనీ తిట్టాడు. లక్ష్మీదేవి మామాని వదలకుండా యుద్ధం ముగిసేదాకా ఆ ఇంట్లోనే ఉంది. ఒక పరాయి మనిషి కోసం మెడ ముందుకు పెట్టిన ఆ ముసలావిడకీ, నా తప్పును నాకంటే ముందు చూసి సరిదిద్దిన లక్ష్మీదేవికీ, ఆ తప్పుకు నన్ను ఒక్క మాట అనని వాల్టర్‌కీ నేను రుణపడి ఉన్నాను. ఈ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

ఆ తర్వాత హైదరాబాదులో పద్దెనిమిదేళ్లు ఇదే పనిలో ఉండి పదవీ విరమణ చేశాను. తెర మీద మనుషులకు పేర్లు వేయడం నేను మానలేదు. పేరు దక్కనివాళ్లకి పేరు వేయడం మంచి పనేనని ఇప్పటికీ నా నమ్మకం. కానీ పేరు వేసేవాడికి తెలియని సంగతులు పేరు గలవాడికి ఉంటాయి. ఒకరోజు గౌరవమైంది ఇంకోరోజు పట్టిస్తుంది. అందుకని ఆ తర్వాత ఎవరి పేరైనా ఎక్కించే ముందు వాళ్లని అడిగాను. ఎంత చిన్న ఉద్యోగైనా, ఎంత తొందర పనైనా అడిగాను. ఆ ఘటన నాకు నేర్పింది ఇంతే.

ఇది రాసేముందు కూడా అడిగాను. మామా లేరు, ఫైసల్ తన పేరు ఒక్కటి చాలన్నాడు. వాల్టర్ ఇంటిపేరు వద్దన్నాడు. లక్ష్మీదేవికి ఫోను చేసి, ఏం రాయమంటావమ్మా అంటే ఆమె నవ్వింది.

"ఇంగెవురు వస్తారన్నా యెతుక్కుంటా? ఇంటిపేరుతో రాయి, ఊరు కూడా రాయి" అంది.

మేకల లక్ష్మీదేవి, గాలివీడు.